కటింగ్ మాఫీ

పొద్దున్నే హాట్ రాడ్ తీసుకురావాలని బాబా చెప్తే, నేను దోహా బజారంతా గాలించి, బకెట్లో నీళ్లు కాగబెట్టే రాడ్ ఒకటి తెచ్చి ఆయన సోఫా పక్కన నిలబెట్టాను. ఒంటె మునిగే తొట్టెనైనా పావుగంటలో కుతకుతలాడించేంత పొడుగుంది అది. బాబా దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు. ఆ తర్వాత నవ్విన నవ్వుకి మా మెసైమీర్ పేట పావురాలన్నీ లేచిపోయి పక్క పేట అల్ తుమామాలో వాలాయి.

బాబా అంటే నేను డ్రైవరుగా పనిచేసిన ఇంటి యజమాని. ఖతర్‌లో ఇంటి డ్రైవర్లం యజమానిని అలాగే పిలిచేవాళ్లం. తొంభైల మొదట్లో కడప జిల్లా నుంచి వెళ్లి ఆయన గేటు పక్క గదిలో ఆరేళ్లున్నాను. ఆయన మాట్లాడే భాషలో సగం అరబ్బీ, సగం హిందీ, మిగతా సగం చేతులు. ఆ మూడు సగాలూ వాడి హాట్ రాడ్ అంటే ఏమిటో నాకు బోధపరిచాడు. పాత అమెరికా కారును పట్టుకుని దాని టాపు కోసి కిందికి దించుతారు. బానెట్ పీకేసి ఇంజన్ను బట్టల్లేకుండా నిలబెడతారు. సైలెన్సర్ గొట్టాలను పక్కటెముకల్లాగా బయటికి లాగి, ఒంటినిండా మంటల బొమ్మలు వేస్తారు. పాత ఇంగ్లీషు సినిమాల్లో కుర్రాళ్లు వాటిని పందేలకు తోలేవాళ్లట. అలాంటిదొకటి ఓడలో దిగింది, దాన్ని నేను రేవు నుంచి ఇంటికి తేవాలి. అదీ సంగతి.

ఆయనకు నెలనెలా పోస్టులో ఒక పత్రిక వచ్చేది. ఇటుక మందం. పాత సినిమాల్లో కనపడ్డ కార్లు ఇప్పుడు ఎక్కడున్నాయో వెతికి పట్టుకోవడమే ఆ పత్రికవాళ్ల పని. ఒకటి ఎవడిదో గడ్డివాములో దొరికిందట. ఒకటి మ్యూజియంలో గాజుగదిలో ఉందట, దాని మీద ఈగ వాలితే తోలడానికి ఉద్యోగి ఉన్నాడట. ఇంకోటి చెరువులో మునిగితే ఈతగాళ్లను దింపి చక్రం పైకి తెచ్చారట. ఆ కారును ఎవరు కోశారు, ఎవరు అతికారు, ఎవరు రంగేశారు, అన్నీ పేరూ ఊరూ ఫోటోలతో సహా వేసేవాళ్లు. బాబా అవి నాకు చూపించి 'శూఫ్, శూఫ్' అనేవాడు, చూడు చూడు అని. నేను చూసేవాణ్ణి. అప్పట్లో నవ్వొచ్చేది. కోపం తర్వాత వచ్చింది. వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు కొంచెం ఎడంగా కూర్చోండి.

రేవు నుంచి తెచ్చిన హాట్ రాడ్‌కి మడ్‌గార్డు సొట్టపడి ఉంది. దాన్ని అల్ వక్రాలోని ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. అక్కడ టింకరింగ్ చేసే మేస్త్రీ మనవాడు. బెజవాడ ఆటోనగర్ మనిషి, అరవైకి దగ్గరపడ్డాడు. ముప్పై అయిదేళ్లు రేకు మీద సుత్తి దెబ్బలు విని విని ఆయన కుడి చెవి ఎప్పుడో రాజీనామా చేసింది. ఎడమ చెవి ఉద్యోగంలో ఉందిగానీ ఓడ కూత వేస్తే తప్ప పలికేది కాదు. ఆయనతో మాట్లాడి వచ్చిన రోజు నా గొంతు మూడు రోజులు సెలవు పెట్టేది.

మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి టాపు వైపు చూశాడు. ముక్కు చిట్లించాడు.

"ఎడం పక్క నూలు వాసి కిందికుంది. ఎవరయ్యా దీన్ని దించింది?"

"అమెరికాలోనప్పా! సినిమాలో కనపడిన కారంట ఇది!" అని అరిచాను.

"అయితే ఏంటి? నేనూ దించాను, ముప్పై ఏళ్ల కిందట, మద్రాసులో. అదీ సినిమాకే. విలన్ కారు."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, నేను దాదాపు వినలేదు. విన్నవాడు ఇంకొకడున్నాడు. గ్యారేజీ వెనక గదిలో మేస్త్రీతో పాటు ఉండే నిజామాబాదు మనిషి. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పరంజాలు కడతాడు. మా గదుల్లో మనుషులకు పేర్లుండేవి కావు, జిల్లాలే. నేను కడప, ఆయన బెజవాడ, ఇతను నిజామాబాద్. మనిషి పరంజా కర్రంత పొడుగు, నోరు ఇంకా పొడుగు.

"ఏంది కాకా? సినిమాకు కారు జేసినవా? మరి హీరోకు మీసం గూడ నువ్వే పెట్టినవా?" అన్నాడు.

"చేశానురా. డ్యాష్‌బోర్డు వెనకాల ఉలితో నా పేరు కొట్టాను, ఇంటిపేరుతో సహా."

"ఆ కారేది?"

మేస్త్రీ సుత్తి తీసుకుని మడ్‌గార్డు వైపు తిరిగాడు.

"కారు మాఫీ, పేరు మాఫీ, ప్రూఫ్ మాఫీ. ఖలాస్!" అని నిజామాబాద్ రెండు చేతులూ దులిపేశాడు.

ఖతర్‌లో దిగిన వారానికే మా అందరి నోళ్లలో 'మాఫీ' చేరిపోయేది. అరబ్బీ వాళ్లు 'లేదు' అనడానికి ఆ మాట వాడతారు. మేము లేదనడానికి, వద్దనడానికి, కుదరదనడానికి, ఆపమనడానికి కూడా అదే వాడేవాళ్లం. డ్యూటీ మాఫీ, చక్కెర మాఫీ, పెళ్లాం ఉత్తరం మాఫీ. తెలుగులో ఉన్న 'వద్దు' అనే చక్కటి రెండక్షరాల మాటను మేము ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వచ్చినట్టున్నాం.

ఆ రోజు నుంచి ఆ గదిలో మేస్త్రీ బతుకు నవ్వులపాలైంది. కూరలో ఉప్పు ఎక్కువైతే "గిది గూడ సినిమాలకెల్లి తెచ్చినవా కాకా" అనేవాడు నిజామాబాద్. ఆ గదిలో ఉండే మిగతా నలుగురూ నవ్వి దొర్లేవాళ్లు. శుక్రవారం సెలవుకి అక్కడికి వెళ్లినప్పుడల్లా నేను కూడా నవ్వాను. దాచడమెందుకు, నేనే అందరికన్నా ఎక్కువ నవ్వాను. మేస్త్రీకి సగం వినపడేది కాదు, వినపడని సగం మా మొహాల్లో కనపడేది. ఒకరోజు ఆయన నా డ్రైవరు సీటు పక్కన కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"నా జన్మలో వంకపెట్టలేని పని ఒక్కటే చేశానయ్యా. అది నేనే చేశానని ఒక్కడు నమ్మితే చాలు. ఆ ఒక్కడూ దొరకట్లేదు."

ఆ మాట విన్న తర్వాత నవ్వడం నా వల్ల కాలేదు. దోహాలో మన సినిమాల క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్లన్నీ తిరిగాను. ఒక కొట్లో అట్టడుగు అరలో, నేను పుట్టకముందటి దుమ్ము కింద, మేస్త్రీ చెప్పిన ఆ నలుపు తెలుపు సినిమా దొరికింది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలో వీడియో పెట్టాం. మేస్త్రీ కొత్త లుంగీ కట్టుకుని, టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాడు.

ముందు పేర్లు పడ్డాయి. అబ్బబ్బ, ఎన్ని పేర్లు! విగ్గులవాడి పేరు పడింది. గుర్రాన్ని అద్దెకిచ్చినవాడి పేరు పడింది. బంగళా వాడుకోనిచ్చిన దొరగారికి కృతజ్ఞతలు పడ్డాయి. ఆ గుర్రం పేరు కూడా పడిందేమోనని నా అనుమానం. కారు కోసిన మనిషి పేరు మాత్రం లేదు. ఆ తర్వాత రెండు గంటలు ఏడుపులూ పాటలూ అయ్యాక, ఘాట్ రోడ్డు మీద మలుపు తిరుగుతూ వచ్చింది కారు. నల్లగా, నేలకు ఆనుకుని, నుదురు దించుకున్న దున్నపోతులా. టాపు ఎంత కిందికి ఉందంటే విలన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పదిహేడు సెకన్లు కనపడింది. మళ్లీ చివర్లో పదకొండు. రిమోట్‌తో వెనక్కి తిప్పి తిప్పి ఆ టేపును జాలిగుడ్డ చేశాం.

మేస్త్రీ తెర మీద వేలు పెట్టి, "ఇదిగో ఈ వంపు. దీనికోసం తొమ్మిది రోజులు కొట్టాను," అన్నాడు.

నిజామాబాద్ కూడా తెర దగ్గరికి జరిగి చూశాడు. ఆ తర్వాత, "కారైతే ఉన్నది. నువ్వే జేసినవని ఏడ రాసున్నది కాకా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు, వాడు అడిగింది న్యాయమే. ఆ సినిమా తీసినవాళ్ల మీద. గుర్రం అద్దె గుర్తుంది, తొమ్మిది రోజుల సుత్తి దెబ్బలు గుర్తులేవు! ఆ కోపంలోనే క్యాసెట్ పట్టుకుని బాబా దగ్గరికి వెళ్లాను. బాబా ఆ పదిహేడు సెకన్లూ చూసి సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన సోఫాలోంచి లేవడం అనేది రంజాన్ నెలవంక కన్నా అరుదు.

"ఈ కారు ఎక్కడుంది? యల్లా, వెతుకు! నేను తెప్పిస్తాను. షెడ్డులో పెడతాను. ముందు బోర్డు పెడతాను, దాని మీద నీ మేస్త్రీ పేరు. ఫోటో తీసి పత్రికకు పంపుతాను," అన్నాడు, మూడు సగాలతోనూ.

వెతకడం మొదలైంది. ఖతర్‌లో కూర్చుని, ముప్పై ఏళ్ల కిందట మద్రాసులో వదిలేసిన కారును వెతకడం. మా దగ్గరున్నవి ఉత్తరాలు, మాట రికార్డు చేసిన క్యాసెట్లు, సెలవు మీద ఇళ్లకు వెళ్లే మనుషులు. సెలవు మీద వెళ్లే ప్రతివాడి పెట్టెలోనూ ఒక క్యాసెట్ కుక్కాం. బెజవాడలో ఉన్న మేస్త్రీ బామ్మర్ది ఆ కబుర్లన్నీ అందుకుని ఊళ్లు తిరిగాడు. ఎనిమిది నెలలు పట్టింది. ఒక్కో కబురూ వచ్చేకొద్దీ నా కోపం ఒక్కో మెట్టెక్కింది. స్టూడియోవాళ్లు ఆ కారును తూకానికి అమ్మేశారట, వంకాయల్లాగా. కొన్నవాడు తెనాలిలో పెళ్లికొడుకుల ఊరేగింపుకు తిప్పాడట. టాపు మరీ కిందికి ఉండి తలపాగాలు ఊడిపోతున్నాయని పెళ్లికొడుకులు గొడవపెట్టుకుంటే, సర్కస్‌వాళ్లకిచ్చాడట. సర్కస్‌లో కోతి తోలిందట. నిజంగా తోలిందో, పక్కన కూర్చుందో బామ్మర్ది రాయలేదు, నాకు మాత్రం తోలిందనే కోపం. ఆ తర్వాత మైకు పెట్టి సినిమా ప్రచారానికి తిప్పారు. చివరికి ఎక్కడ తేలిందయ్యా అంటే, బెజవాడలోనే, పాత ఇనుము కొనే కొట్టు వెనక. మేస్త్రీ పుట్టి పెరిగిన వీధికి సైకిలు మీద పది నిమిషాలు. ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

బామ్మర్ది ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది. ఇనుము లారీ రాబోతోంది, కొట్టాయన కారును గ్యాసు కట్టరుతో ముక్కలు చేసి పంపేస్తానంటున్నాడు. బతిమాలితే మూడో శుక్రవారం దాకా ఆగుతానని మాటిచ్చాడు. డ్యాష్‌బోర్డు విప్పి చూడనివ్వమంటే, ఎవరైనా కొనేదుంటే విప్పుతాను, ఊరికే అయితే విప్పనన్నాడు. ఆ శుక్రవారం పదింటికి కొట్టు పక్కన ఎస్టీడీ బూత్‌కు వస్తాడు, దుబాయ్ నుంచి ఫోన్ చేసి ఏ సంగతీ చెప్పండి. ఇదీ ఉత్తరం. మేం ఎన్నిసార్లు ఖతర్ అని రాసినా ఆయనకు మేము దుబాయ్‌లోనే ఉన్నాం.

బాబా కొలత టేపు తీసుకుని షెడ్డులో చోటు కొలిచాడు. మేస్త్రీ వారం రోజులు నిద్రపోలేదని నిజామాబాద్ చెప్పాడు.

శుక్రవారం పొద్దున అల్ వక్రాలో, చేపల పడవలు కట్టే చోట కార్డు ఫోన్ దగ్గర నిలబడ్డాం. మేస్త్రీకి ఫోన్లో ఒక్క ముక్క వినపడదు కాబట్టి మాట్లాడాల్సింది నేను. వెనక క్యూ సౌదీ సరిహద్దు దాకా ఉంది. చెమటకు రిసీవరు చేతిలో చేపలా జారుతోంది.

"హలో, దుబాయేనా అండీ?"

"దుబాయ్ కాదు, ఖతర్!"

"ఆఁ, దుబాయే."

లైన్లో నా గొంతు నాకే రెండు సెకన్లు ఆలస్యంగా తిరిగొస్తోంది. ఆయన మాట్లాడుతుంటే నేను అరిచింది మధ్యలో దూరుతోంది. కార్డులో యూనిట్లు కళ్ల ముందే కరిగిపోతున్నాయి.

"...గ్యాసు కటింగోడు వచ్చి కూర్చున్నాడండీ... లారీ కూడా... కటింగ్ చేస్తే... మీరేమీ..."

కటింగ్ అనే మాట ఒక్కటే నా చెవిన పడింది. బాబా కొంటున్నాడు అని చెప్పాలని ఇంటి దగ్గర పదిసార్లు వల్లెవేసుకున్న ముక్క గాలికి పోయింది.

"కటింగ్ మాఫీ!" అని అరిచాను. "ఇనపడిందా? కటింగ్ మాఫీ!"

"మాఫీయేనా అండీ?"

"మాఫీ! మాఫీ! ఖలాస్!"

"చాలా సంతోషమండీ. పెద్ద మనసండీ మీది..."

యూనిట్లు అయిపోయాయి. ఫోన్ కుయ్యిమంది. మేస్త్రీ నా మొహంలోకి చూస్తున్నాడు.

"ఏవన్నాడు?"

"పెద్ద మనసన్నాడు!" అని ఆయన ఎడమ చెవిలో కేక పెట్టాను. మేస్త్రీ క్యూలో ఉన్నవాళ్లందరికీ టీ ఇప్పించాడు.

పన్నెండు రోజులకు బామ్మర్ది ఉత్తరం వచ్చింది. మేస్త్రీ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు. కళ్లజోడు తీసి మడిచి జేబులో పెట్టుకుని, ఉత్తరం నాకిచ్చాడు. నేను పైకే చదివాను, గదిలో అందరికీ వినపడేలా.

దుబాయ్‌లో ఉన్న బావగారికి నమస్కారాలు. మీ స్నేహితుడు చాలా ఉదారంగా మాట్లాడాడని కొట్టాయన సంతోషించాడు. మాటిచ్చిన గడువు సాయంత్రం దాకా ఉన్నా లారీ ముందే వచ్చేసింది, మాట తప్పి కటింగ్ చేస్తే మీరేమీ అనుకోరు కదా అని అడిగితే, ఆయన వెంటనే మాఫీ చేశానన్నాడట. నేను వెళ్లేసరికే కోయడం మొదలైంది, డ్యాష్‌బోర్డు ముక్కలైపోయింది. మీరే ఒప్పుకున్నారన్నాడు కాబట్టి నేనేమీ అనలేకపోయాను.

నిజామాబాద్ నా వైపు తిరిగాడు.

"నువ్వు ఫోన్ల ఏమన్నవ్ కడపా?"

"కటింగ్ మాఫీ అన్నానప్పా."

"ఓరి నీ నోట్ల మన్నువడ! మన దిక్కు మాఫీ అంటె ఇడిసిపెట్టుడు గదనే! శిస్తు మాఫీ, తప్పు మాఫీ! కోసుకోపోరా, తప్పు లేదు అని జెప్పినవ్ నువ్వు!"

అతనికి నవ్వు తన్నుకొచ్చింది. పరంజా మొత్తం ఊగింది. అంతలో మేస్త్రీ మొహం చూసి ఆ నవ్వును మింగేశాడు. మింగలేక దగ్గాడు.

నాకు వచ్చిన కోపం గురించి రాయాలంటే ఖతర్ ఇసకంత కాగితం కావాలి. ముందు ఆ కొట్టాయన మీద. మాట తప్పుతూ క్షమాపణ ముందే అడిగి పెట్టుకునే మర్యాదస్థుడు! తర్వాత టెలిఫోన్ల మీద, సముద్రం అడుగున వైర్లు వేసినవాళ్ల మీద, ఆ వైర్లు కొరికిన చేపల మీద. తర్వాత బాబా మీద. సంగతి చెప్తే ఆయన ఒక్క నిమిషం బాధపడి, "మాలీష్," అన్నాడు, పోనీలే అని. పత్రిక తిప్పి ఇంకో కారు బొమ్మ చూపించాడు. కొలిచిన చోట్లో పడుకోబెట్టడానికి ఆయనకు ప్రపంచంలో ఇంకో నాలుగొందల కార్లున్నాయి. చివరికి నా మీద. ఇరవై ఆరేళ్లు తెలుగులో అన్నం అడిగి, తెలుగులో తిట్లు తిని, తెలుగులో పిల్లను చూసి పెళ్లి చేసుకుని, మూడేళ్లలో 'వద్దు' అనే మాట మర్చిపోయిన నా నాలుక మీద. వద్దు అని ఒక్కసారి అంటే ఆ కారు బతికేది. క్షమించమని అడుగుదామని ఆ సాయంత్రం మేస్త్రీ ముందు నిలబడితే, నా నోటికి మళ్లీ ఆ మాటే వచ్చింది. పళ్లు బిగించి బయటికి వచ్చేశాను.

మేస్త్రీ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఆయన మౌనం ఎంత బరువంటే, గ్యారేజీ ముందు ఆపిన నా బండి టైర్లలో గాలి తగ్గేది. తర్వాతి శుక్రవారం ఆయనే నా దగ్గరికి వచ్చాడు. వెనకాల నిజామాబాద్.

"ఫోన్ చెయ్యి. ఎట్లా కోశారో అడుగు," అన్నాడు మేస్త్రీ.

"ఇప్పుడెందుకప్పా అది?"

"ఎక్కడ మొదలుపెట్టారు, ఎంతసేపు పట్టింది. అడుగు."

అదే ఫోన్, అదే క్యూ. బూత్‌వాడు కొట్టాయన్ని పిలుచుకొచ్చాడు. ఈసారి లైను గుళ్లో గంటలా స్పష్టంగా ఉంది. అవసరం తీరిపోయాక లైను బాగుంటుంది, ఆ కోపం కూడా నాకుంది.

"ఆ కారా అండీ? దాని మాటెత్తకండి, మీకు దణ్ణం పెడతాను. డోర్లు, ఇంజను, కింద చాసిస్, అంతా గంటన్నరలో లేపేశాం. ఆ టాపుని మోసే స్తంభాలున్నాయి చూడండీ, వాటి దగ్గర మావాడికి చుక్కలు కనపడ్డాయి. ఎవడు చేశాడోగానీ వాడి చేతులు పడిపోను, లోపల ఇనప కడ్డీలు దింపి, నిలువునా ఇత్తడి పోశాడండీ! ఇత్తడి గ్యాసుకి తెగుద్దా? కారుద్ది, మళ్లీ గడ్డకడద్ది. పైన కోస్తే ఇత్తడి, కింద కోస్తే ఇత్తడి. రెండు సిలిండర్లు తాగేసింది. లారీవాడు చూసి చూసి వెళ్లిపోయాడు. దీపాలు పెట్టే వేళకి ఆ నాలుగు స్తంభాలూ తెగినయ్. ఇరవై ఏళ్లలో అంత మొండి బండి చూళ్లేదండీ. ఏ దరిద్రుడు చేశాడోగానీ!"

నేను రిసీవరు పక్కకు పెట్టి, ఒక్కో ముక్కా మేస్త్రీ చెవిలో అరిచాను. తిట్లు వదిలేద్దామనుకున్నాను.

"ఏవో మింగుతున్నావ్. తిట్టాడా?"

"తిట్టినాడు."

"అది కూడా చెప్పు."

చెప్పాను. అల్ వక్రా రేవంతా విన్నది. క్యూలో ఉన్న బంగ్లాదేశ్ వాళ్లు కూడా మమ్మల్నే చూస్తున్నారు.

"స్టంటు చేసేవాడు లోపలుంటాడుగా," అన్నాడు మేస్త్రీ. "గుట్ట మీంచి కారు దొర్లించాలన్నారు. టాపు కోసి అతికిన బండి అది, దొర్లితే అతుకు విడిపోయి వాడి మెడ మీద పడుద్ది. ఇత్తడి పొయ్యమని నాకెవరూ చెప్పలేదు. పోశాను. వాడు దులుపుకుని లేచి టీ తాగాడు."

నేను నిజామాబాద్ వైపు చూస్తున్నాను, ఏదైనా అంటాడేమో, అంటే రిసీవరుతో నెత్తి మీద ఒకటి ఇద్దామని. అతను తన లుంగీ మడతలోంచి కొత్త కార్డు తీశాడు. నా కార్డు అయిపోవచ్చింది.

"ఇగో, నాది వెట్టు," అన్నాడు. "కాకా, నువ్వే మాట్లాడు."

"ఆయనకు ఇనపడదు కదప్పా."

"ఇనుడేంది? చెప్పమను!"

మళ్లీ కలిపాను. మేస్త్రీ రిసీవరు నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆ మనిషికి కోపం రావడం నేను అప్పుడే చూశాను. మెడ నరాలు వెల్డింగ్ రాడ్లలాగా లేచాయి. ఎడమ చెవికి రిసీవరు అదిమిపెట్టి, పడవలమీది జాలర్లు వలలు వదిలి నిలబడేంత గట్టిగా అన్నాడు:

"ఆ ఇత్తడి పోసిన దరిద్రుణ్ణి నేనేనయ్యా!"

తర్వాత తన పేరు చెప్పాడు. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు, ఆటోనగర్‌లో ఏ వరసలో ఎన్నో షెడ్డు. ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. ఆపి, నా వైపు రిసీవరు తిప్పాడు, ఏమంటున్నాడో వినమని.

"రాసుకోడానికి కాగితం లేదంటున్నాడప్పా," అన్నాను.

మేస్త్రీ రిసీవరు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"గోడ మీద రాయవయ్యా. బొగ్గుముక్క దొరకదా నీకు? రాసి పైకి చదువు. గట్టిగా చదువు, నాకు వినపడదు!"